అమలాపురం వచ్చి అయిదు నెలలైంది, సెలవు రోజు ఎక్కడ తినాలో ఇంకా తెలీట్లేదు, లోకల్ వాళ్లు కాస్త చెప్పండి

సీమ_బండి:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, బ్యాంకు ఉద్యోగం, సంక్రాంతి అయిన వెంటనే అమలాపురానికి ట్రాన్స్‌ఫర్ అయ్యి వచ్చినా. నేనూ మా ఆవిడా ఇద్దరమే. ఆదివారాలు, రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు, బండి ఉంది, పొద్దున్నే పెట్రోలు పోయించుకుని ఏదో ఒక ఊరు పోయి అక్కడ తిని సాయంత్రానికి ఇల్లు చేరడం మా ఇద్దరికీ పెళ్లైన కొత్తలో నుంచీ అలవాటు. అనంతపురంలో అయితే ఏ ఊళ్లో ఏ అవ్వ దగ్గర సంగటి బాగుంటాదో, ఏ సందులో ఓళిగలు పెనం మీద నుంచి తీసి ఇస్తారో అన్నీ తెలుసు, వాటికి బోర్డు కూడా ఉండదు. ఇక్కడికొచ్చినాక అట్లాంటివి ఎట్లా తెలుసుకోవల్లో తెలీట్లేదు.

ఇప్పటిదాకా ఫోన్‌లో మ్యాప్ తీసి రేటింగ్ చూసి పోతున్నాం. పోతే ఏముంది, హైవే పక్కన పెద్ద గేటు, లైట్లు, కొబ్బరాకుల పందిరి, మెనూ చూస్తే పుస్తకమంత ఉంటాది, సగం చైనీసు, సగం తందూరీ, ఆఖర్న గోదావరి స్పెషల్ అని ఒక పేజీ. ఆ పేజీలోది ఏది చెప్పినా ఒకటే గ్రేవీ, ఒకటే ఎర్రరంగు. బెంగళూరులో తిన్నా అదే, ఇక్కడికొచ్చి తిన్నా అదే అయితే ఇంత దూరం వచ్చి ఏం లాభం అనిపిస్తాది. ఫిబ్రవరిలో ఒక చోట, పేరు వద్దులే, పులస ఉంది సార్ తీసుకోండి అన్నారు, నాకు పేరు వినడమే గానీ ఎప్పుడూ తినలేదు, సరే అన్నా, ఒక్క ముక్కకి తొమ్మిది వందలు వేసినారు. మరుసటి రోజు బ్రాంచిలో మా అటెండరన్నకి చెప్తే ఆయన చేస్తున్న పని ఆపేసి "ఫిబ్రవరిలో పులసేంటండీ బాబూ" అన్నాడు. డబ్బులు పోతే పోయినాయి, తెలీక నమ్మి అడిగినోడికి అట్లా పెట్టినారే అని చానా రోజులు బాధగా ఉండింది నాకు.

ఇంకో విషయం, మా ఆవిడ శాకాహారి. గోదావరి అంటే అందరూ చేపలు రొయ్యలే చెప్తారు, ఆమెకేమో పోయిన ప్రతి చోటా పనీర్ కూర, లేదంటే గోబీ. నేను తింటా ఉంటే ఆమె పెరుగన్నం కలుపుకుని కూర్చుంటాది, ఏం ఫర్లేదులే అంటాది గానీ నాకు ముద్ద దిగదు. ఈ పక్క ఇళ్లల్లో కూరగాయలు ఎంత బాగా వండుతారో మాకు తెలుసు, మా ఇంటి ఓనరమ్మ గారు అప్పుడప్పుడు గిన్నెతో ఇస్తారు, ఆ రుచి ఏ హోటల్లోనూ దొరకలేదు.

కాబట్టి అడిగేదేమంటే, మీరైతే కొత్త ఊరు పోయినప్పుడు ఎక్కడ తినాలో ఎట్లా కనుక్కుంటారు, ఎన్ని గంటలకి పోవల్ల, ఏ ఊళ్లో ఏది తినల్ల, పులస నిజంగా ఎప్పుడు ఎక్కడ. ఇద్దరికీ కలిపి అయిదారు వందలు పెట్టుకోగలం. వానలు మొదలైనాయి, గోదారి చూస్తా పోవచ్చు అని మా ఆవిడ ఇప్పట్నుంచే లెక్కలు వేస్తా ఉంది.

లంక_పిల్ల:

ఫిబ్రవరిలో పులసా, అయ్యో అన్నయ్యా. మాది గోదారి గౌతమి పాయలో లంక ఊరు, అంటే ఏటి మధ్య దిబ్బ మీది ఊరు, ఉద్యోగం హైదరాబాదులో, కుదిరినప్పుడల్లా ఇంటికొస్తాను, మిగతా సంగతి వేరేవాళ్లు చెప్తారు గానీ పులస గురించి మాత్రం నేను చెప్పి తీరాలి.

పులసంటే వేరే జాతి కాదండి, సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని ఇలస అంటారు. వానలు పడి గోదారికి ఎర్రనీరు తగిలాక, అంటే జూలైలో మొదలై సెప్టెంబరు దాకా, గుడ్లు పెట్టడానికని సముద్రంలోంచి ఏట్లోకి ఎదురెక్కుతుంది. ఆ వరదకి ఎదురీది మంచినీళ్లలో కొన్నాళ్లు తిరిగాక దాని రుచి మారిపోతుంది, అప్పుడే అది పులస. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ అడ్డు ఉంటుంది కదా, కాటన్ దొర 1852కి ఆనకట్ట పూర్తి చేసిన చోటే, అది దాటి పైకి పోలేదు. అందుకని యానాం, ఎదుర్లంక, కోటిపల్లి, బొబ్బర్లంక, ఇలా కింద ఉన్న రేవుల్లోనే వలకి పడుతుంది. పడేవి కొన్ని, కావాలనేవాళ్లు బోలెడుమంది, ఒడ్డుకి రాకముందే ఫోన్లో బేరం అయిపోతుంది, ఒక్కో చేప వేలల్లో పలుకుతుంది. అంత పెట్టి కొన్న చేపని ఏడాది పొడుగునా ఎవరైనా ప్లేట్లలో అమ్మగలరా మీరే చెప్పండి. ఒడిశా వైపు నుంచి ఐసులో ఇలస వస్తుంది, అది కూడా మంచి చేపే, నేను తప్పు పట్టను, కానీ దాన్ని పులస అని అమ్మడం తప్పు. మీకు పెట్టింది అదైనా అయ్యుండాలి, వేరే ఏదైనా ముళ్ల చేపైనా అయ్యుండాలి.

ఇంకో సంగతి, పులస పులుసు పొద్దున్న చెప్తే మధ్యాహ్నం పెట్టేది కాదు. మా నానమ్మ మట్టి దాకలో సన్నటి సెగ మీద పెట్టేది, చింతపండు పులుసు, బెండకాయలు, పచ్చిమిర్చి, ఆఖర్న ఆవకాయ మీద తేలే నూనె ఒక గరిటె. గరిటె పెట్టి తిప్పనిచ్చేది కాదు, దాకనే రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ కదిపేది. రాత్రి వండి ఉట్టి మీద పెట్టేసి తెల్లారాక తినేవాళ్లం, ఆ పూటకి ముల్లు మెత్తబడి పులుసంతా ముక్కకి పట్టేది. పుస్తెలమ్మైనా పులస తినాలని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. అందుకే చెప్తున్నా, హోటల్లో వద్దు. ఆగస్టులో మీ అటెండర్ గారినే అడగండి, ఆయనకి ఏ రేవులోనో ఎవరో ఒకరు తెలిసే ఉంటారు, బ్రాంచిలో నలుగురైదుగురు కలిసి ఒక చేప తెప్పించుకుని ఎవరింట్లోనైనా వండించుకోండి. ఖర్చు మనిషికి ఎక్కువే అవుతుంది, ఏడాదికొక్కసారి కదా.

ఒకటి గుర్తుంచుకోండి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో సముద్రం చేప ఫ్రెష్షండి అని ఎవరైనా గట్టిగా చెప్తే కాస్త ఆలోచించుకోండి.

రెప్_బ్యాగు:

తమ్ముడూ నీ పోస్టు చదివి సంతోషం వేసింది, ఎందుకంటే 22 ఏళ్ల కింద నేను మందుల కంపెనీలో చేరి ఈ ఏరియాకి వచ్చినప్పుడు నాదీ ఇదే బాధ. అప్పట్నుంచీ రావులపాలెం, అమలాపురం, రాజోలు, చించినాడ వంతెన దాటి పాలకొల్లు, నరసాపురం, భీమవరం, మళ్లీ తణుకు మీదుగా వెనక్కి, ఇదే నా చుట్టు. ఇంట్లో తిన్న మధ్యాహ్నాల కంటే బయట తిన్నవే ఎక్కువ.

ముందు టైము గురించి చెప్తా, అదే అసలు విషయం. ఇక్కడ మంచి టిఫిను పొద్దున్న ఆరున్నర నుంచి తొమ్మిది లోపే. ఆదివారం కదా అని పదింటికి బయల్దేరితే నీకు దొరికేది ఆ హైవే హోటలే. భోజనం పన్నెండున్నరకి కూర్చోవాలి, మెస్సులు రెండింటికి గిన్నెలు కడిగేస్తాయి. రాత్రి పూట ఇంటి వంట లాంటిది దొరకడం కష్టం, రాత్రంతా బిర్యానీ, పుల్కాలే, దాని మీద ఆశ పెట్టుకోకు.

ఇక చోటు వెతకడం. ఊళ్లోకెళ్లాక బస్టాండు దగ్గర కాదు, ఆ ఊరికి పని ఎక్కడుందో అక్కడికెళ్లు. రావులపాలెంలో అరటి గెలల మార్కెట్టు, అంబాజీపేటలో కొబ్బరికాయల యార్డులు, నరసాపురంలో రేవు, భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల షెడ్లు ఉన్న వీధులు. అక్కడ తెల్లారగట్ల నుంచి బరువులు మోసినవాళ్లు రోజూ తినే చోటు ఒకటుంటుంది, వాళ్లకి బాగోకపోతే మర్నాడు రారు, రోజూ వచ్చేవాళ్ల మీదే ఆ హోటలు బతకాలి. మనలాంటోళ్లు ఒక్కసారి వచ్చి పోయేవాళ్లం, మనల్ని నమ్ముకున్న హోటలుకి రుచితో అంత పని లేదు. అక్కడికెళ్లి మెనూ అడక్కు, ఇవాళ ఏం కూరండీ అని అడుగు. ఒక పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు, చేపలైతే ఫలానా చేప అని చెప్తే కూర్చో. ఏం కావాలంటే అది ఉందండీ అంటే మంచినీళ్లు తాగి వచ్చెయ్.

మీకు దగ్గర్లోనే అంబాజీపేట ఉంది, పొట్టిక్కల కోసం పొద్దున్నే వెళ్లండి. నాలుగు పనసాకులు కలిపి పుల్లల్తో బుట్టలా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి పెడతారు, విప్పేటప్పుడు ఆ ఆకు వాసన ముక్కుకి తగులుతుంది చూడు, కొబ్బరి చట్నీ సరేసరి, కొబ్బరి ఆ ఊరిదే కదా. మీ ఆవిడగారికి నిక్షేపంగా సరిపోతుంది. చించినాడ దాటి పాలకొల్లు వైపు వెళ్తే దిబ్బరొట్టె అడగండి, మినప్పిండిలో బియ్యం రవ్వ కలిపి మందపాటి మూకుట్లో పోసి మూత పెట్టి నిదానంగా కాలుస్తారు, అడుగు ఎర్రగా కరకరలాడుతూ లోపల దూదిలా ఉంటుంది, అరగంట పట్టినా కూర్చోవాలి, తొందర పెడితే లోపల పచ్చిగా తెచ్చిస్తారు. పెసరట్టు ఉప్మా ప్రతి ఊళ్లోనూ ఉంటుంది, రాత్రి నానబోసి పొద్దున్న రుబ్బిన పెసలైతే అట్టు మీద పొట్టు పచ్చగా కనపడుతుంది.

ఒక్కటి చెప్పి ఆపేస్తా. ఒక ఆగస్టులో పెద్ద వరద, లంకల్లో నీళ్లు, కాజ్‌వేలు మునిగిపోయి రాజోలులో రెండు రోజులు ఇరుక్కుపోయాను. హోటళ్లు మూసేశారు, కూరగాయల లారీలు రాలేదు. నేను అప్పుడప్పుడు తినే మెస్సుకి వెళ్తే ఆవిడ నన్ను చూసి "ఏం లేదు బాబూ, దొడ్లో ఉన్నదే" అన్నారు. దొడ్లో కంద తవ్వి, పందిరి మీద బచ్చలి కోసి, ఆవ పెట్టి కంద బచ్చలి కూర చేశారు. చల్ల మిరపకాయలు వేయించారు, గుమ్మడి వడియాలు, మజ్జిగ పులుసు. బయట వాన, కరెంటు లేదు, పెట్రోమాక్స్ లైటు కింద నలుగురం తిన్నాం. డబ్బులు ఇవ్వబోతే వరదల్లో అన్నం అమ్ముకుంటామా అన్నారు. ఆవిడ పోయి ఆరేళ్లైంది, ఆ మెస్సు లేదు ఇప్పుడు, అటు వెళ్లిన ప్రతిసారీ ఆ వాకిలి వైపు చూస్తాను.

మెస్_వాళ్లబ్బాయి:

రెప్ గారూ మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించానండి, కళ్లు తుడుచుకుంది. మాదీ చిన్న మెస్సే, ముమ్మిడివరం దగ్గర, ఊరి పేరు చెప్పను ప్రచారం అనుకుంటారని. లోపలి సంగతి కొంచెం నేను చెప్తాను సార్, తినేవాళ్లకి పనికొస్తుంది.

మా దగ్గర రోజుకి అరవై భోజనాలు. అమ్మ నాలుగున్నరకి లేస్తుంది, నాన్న ఆరింటికల్లా మార్కెట్లో ఉంటారు, ఆ రోజు అక్కడ ఏది బాగుంటే అదే కూర, ముందు రోజే అనుకోవడం ఉండదు. తోటకూర లేతగా వస్తే తోటకూర పప్పు, ఆనపకాయలు వస్తే పాలు పోసి కూర. అరవైకి సరిపడా వండుతాం, అరవై ఒకటో మనిషి వస్తే మా అన్నంలోంచి పెడతాం, డెబ్భయ్యో మనిషికి మాత్రం లేదండి అని చెప్పక తప్పదు. ఆదివారం రెండున్నరకి కార్లో ఆరుగురు దిగి ఏముంది అని అడిగి, అయిపోయిందండి అంటే, అక్కడే నిలబడి ఫోన్లో ఒక్క స్టార్ పెట్టి వెళ్లినవాళ్లు ఉన్నారు. దానివల్ల మ్యాప్‌లో మా రేటింగ్ పడిపోయింది, రోజూ తినే అరవై మందిలో మ్యాప్ చూసి వచ్చేవాడు ఒక్కడూ లేడు, వాళ్లెవరికీ స్టార్లు పెట్టే అలవాటే లేదు. కాబట్టి సార్ మీరు రేటింగ్ చూసుకుని వెతికితే మాలాంటి వాళ్లం కనపడం.

చేసేదల్లా ఒకటే. శనివారమో, కనీసం ఆదివారం పొద్దున్న తొమ్మిది లోపో ఫోన్ చేసి "ఇద్దరం వస్తున్నాం, ఒకరు శాకాహారం" అని చెప్పండి. అలా చెప్తే మా అమ్మ ఆ ఒక్కరి కోసం వేరే గరిటె, వేరే గిన్నె పెట్టి ఇంకో కూర కూడా చేస్తుంది, చెప్పకుండా వస్తే పప్పు, పెరుగు మాత్రమే గ్యారంటీ. నంబరు ఎక్కడ దొరుకుతుంది అంటారా, ఒకసారి తినడానికి వచ్చినప్పుడు గోడ మీద రాసుంటుంది, లేకపోతే అడగండి.

లంక_పిల్ల గారు చెప్పిన పులస మాట నూటికి నూరు కరెక్టు. కానీ ఒక్క విషయంలో నా మాట కాస్త తేడా. అందరూ ఏటి చేప, సముద్రం చేప అని పట్టుబడతారు, మా దగ్గర రోజూ ఉండేది చెరువు చేపేనండి, శీలావతి, బొచ్చె, ఎప్పుడైనా కొరమేను. రొయ్యలైతే వనామీ. 2009 తర్వాత ఈ దేశంలో పెద్దఎత్తున పెంచడం మొదలైన రకం అది, ఇప్పుడు ఈ చుట్టుపక్కల చెరువులన్నీ దానివే, మీరు తినే రొయ్యల వేపుడు పదికి తొమ్మిది చోట్ల అదే. దాచి పెట్టి గోదారి రొయ్యలని చెప్పేవాళ్లు చెప్తారు, మేం అడిగితే వనామీ అనే చెప్తాం. పొద్దున్న పట్టిన చెరువు చేప మధ్యాహ్నానికి పులుసులో పడితే దాన్ని మించింది లేదు, ఇక్కడ మా ఇళ్లల్లో ఆదివారం వండుకునేది కూడా అదే.

లంక_పిల్ల:

మీరు చెప్పింది ఒప్పుకుంటానండి, మా ఇంట్లో కూడా వారం వారం వండేది శీలావతే. నేనన్నది పేరు మార్చి అమ్మొద్దని. శీలావతి పులుసు అని బోర్డు మీద రాసుంటే నేను ముందు అక్కడికే వెళ్తా.

కాకినాడ_అక్క:

బాబూ నీ భార్యకోసం నువ్వు పడే బాధ చూసి రాస్తున్నాను, మేమూ శాకాహారులమే, మా వారికి గవర్నమెంటు ఉద్యోగం, ఈ రెండు జిల్లాల్లో, అదే ఇప్పుడు ఎన్నో జిల్లాలు చేశారులే, అన్ని ఊళ్లూ తిరిగాం. గోదావరి అంటే చేపలే అని ఎవరన్నారు. కంద బచ్చలి సంగతి ఆయన రాశారు కదా, పనసపొట్టు కూర తిన్నారా మీరు, లేత పనసకాయ కత్తిపీట మీద సన్నగా కొట్టి ఆవ పెట్టి చేస్తారు, వేసవి ముందు నుంచి మొదలవుతుంది, మీరొచ్చిన కొత్తలో, ఫిబ్రవరిలో బాగా దొరికి ఉంటుంది, ఇప్పుడు సీజను అయిపోయింది, వచ్చే ఏడాది తప్పకుండా అడిగి చేయించుకోండి. కార్తీక మాసంలో అయితే మాంసాహారం హోటళ్లు కూడా శాకాహారం బాగా చేస్తాయి, అప్పుడు ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు పంచారామాల భక్తులు బస్సుల్లో తిరుగుతుంటారు, ఆ దారుల్లో నీ భార్యకి ఎక్కడా లోటుండదు, నువ్వే పప్పన్నం తినాల్సి వస్తుంది.

ఎదుర్లంక వంతెన మీదుగా యానాం దాటి కాకినాడ వస్తే సుబ్బయ్య గారి హోటల్లో భోజనం చెయ్యండి, మొత్తం శాకాహారమే. ఆకు నిండా ఎన్ని రకాలు వడ్డిస్తారో లెక్క పెట్టుకోవడం మానేశాను నేను, పక్కన నిలబడి ఇంకాస్త వేసుకోండమ్మా అని బతిమాలి మరీ వేస్తారు. బుట్ట భోజనం అని పార్శిల్ కూడా ఇస్తారు, వెదురు బుట్టలో అన్నీ సర్ది, ఇద్దరికి ఒకటి తీసుకుంటే మిగిలిపోతుంది కూడా. ఆదివారం మధ్యాహ్నం జనం విపరీతంగా ఉంటారు, మీకు రెండో శనివారం ఉందిగా, ఆ రోజు పన్నెండుకల్లా వచ్చెయ్యండి. అక్కడ్నుంచి కాజాలు కొనుక్కోండి, కాకినాడది గొట్టం కాజా, కొరికితే పాకం నోట్లోకి వస్తుంది, మండపేట దగ్గర తాపేశ్వరానిది మడత కాజా, పొరలు పొరలుగా. రెండూ కాజాలే కదా అని ఒకదాని బదులు ఒకటి కొని తీసుకెళ్తే మా ఆడపడుచులు ఒప్పుకోరు.

గట్టు_రోడ్డు:

ఆత్రేయపురం పక్కూరు మాది. మా పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చింది, అప్పట్నుంచి రోడ్డు పక్క ప్రతి షాపుకీ ఆత్రేయపురం బోర్డే. మీరు రావులపాలెం నుంచి ఆత్రేయపురం మీదుగా బొబ్బర్లంక, ధవళేశ్వరం రోడ్డులో కాలవ గట్టున రండి, ఊళ్లో దిగి ఎవర్నన్నా రేకులు ఎక్కడ తీస్తారండీ అని అడిగితే ఇల్లు చూపిస్తారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పలచటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద అలా ఒక్కసారి పరుస్తారు, ఆ క్షణానికి రేకు వచ్చేస్తుంది. మా పిన్ని నలభై ఏళ్లుగా తీస్తోంది, ఆ వేడికి చేతులు ఎలా అయిపోయాయో చూస్తే మీరు బేరమాడరు. బెల్లం, నెయ్యి, జీడిపప్పు వేసినవి తీసుకోండి. ఆ ధవళేశ్వరం దాకా ఎలాగూ వస్తారు కాబట్టి రాజమండ్రి వెళ్లి రోజ్‌మిల్క్ తాగి గోదారి గట్టున కూర్చుని రండి.

సీమ_బండి:

అందరికీ పేరుపేరునా నమస్కారం. మొన్న ఆదివారం పోయొచ్చినాం, రాయకుండా ఉండలేక రాస్తున్నా.

పొద్దున ఆరుంబావుకి బయల్దేరి అంబాజీపేట పోయినాం, సన్నగా తుంపర. యార్డు దగ్గర కొబ్బరికాయలు దింపుతున్న ఒకాయన్ని పొట్టిక్కలు ఎక్కడన్నా అంటే చేతిలో పని వదిలేసి సందు చివరి దాకా వచ్చి చూపించినాడు. మా ఆవిడ ఆ పనసాకు విప్పి వాసన చూసి రెండు నిమిషాలు తినకుండా అట్లే పట్టుకుంది, తర్వాత మూడు తినింది. బల్ల మీద మా పక్కన కూర్చున్న పెద్దాయన మాది ఏ ఊరని అడిగి, అనంతపురం అంటే ఆ పొట్టిక్కల డబ్బులు ఆయనే ఇచ్చేసినాడు, ఎంత చెప్పినా వినలేదు, మా ఊరొచ్చారు కదండీ అంటాడు.

మధ్యాహ్నానికి మా అటెండరన్న చెప్పిన మెస్సుకి ముందే ఫోన్ చేసి చెప్పిన ప్రకారం ఇద్దరం, ఒకరు శాకాహారం అన్నా. పోయేసరికి ఆ అమ్మగారు మా ఆవిడని వంటింటి గుమ్మం దాకా పిలిచి "నీకు చేపల బల్ల వద్దమ్మా, ఇటు కూర్చో" అని పక్క గదిలో ఆకు వేసినారు. నాకూ అక్కడే కూర్చుని తినల్లనిపించి చేప వద్దని చెప్పేసినా. ముద్దపప్పు, దోసకాయ కాల్చి నూరిన పచ్చడి, వంకాయ కూర, చారు, గడ్డ పెరుగు. ఇద్దరికీ రెండు వందల నలభై తీసుకున్నారు. వచ్చేటప్పుడు మా ఆవిడ కంద బచ్చలి ఎప్పుడు చేస్తారు అని అడిగింది, ఆమె రోజు చెప్పమన్నారు, వచ్చే ఆదివారానికి చెప్పేసి వచ్చింది, దారంతా అదే మాట. పులస సంగతి కూడా అటెండరన్న చెవిన వేసినా, వరద వచ్చినాక బ్రాంచిలో అయిదుగురం కలుస్తాం, ఆయన వాళ్లమ్మ వండుతానన్నదంట.

ఒక్క చిన్న డౌటు. నాలుగో శనివారం సఖినేటిపల్లిలో పంటు, అదే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి నరసాపురం వైపుకి దాటి, అక్కడ్నుంచి పాలకొల్లు పోయి దిబ్బరొట్టె తిందామని ప్లాను. బండి పంటు మీద ఎక్కిస్తారా, సాయంత్రం ఎన్ని గంటల దాకా తిప్పుతారు?

రెప్_బ్యాగు:

బండి ఎక్కిస్తారు తమ్ముడూ, కార్లు కూడా ఎక్కిస్తారు. కానీ దిబ్బరొట్టె కోసమైతే పొద్దున్న ఆ దారి పెట్టుకోకు, పంటు కోసం రేవులో కూర్చునేసరికి రొట్టె అయిపోతుంది. వెళ్లేటప్పుడు చించినాడ వంతెన మీదుగా వెళ్లి పాలకొల్లులో తిని, క్షీరారామం గుడి చూసుకుని, నరసాపురం వచ్చి మధ్యాహ్నం పంటు ఎక్కి ఇటు దిగండి. చీకటి పడేదాకా ఆగొద్దు. వరద నీరు ఎక్కువగా ఉన్న రోజు పంటు ఆపేస్తారు, బయల్దేరే ముందు రేవు దగ్గర ఎవరినైనా కనుక్కో, ఆపేసి ఉంటే వచ్చిన వంతెన మీదుగానే వెనక్కి రావడమే.

మెస్_వాళ్లబ్బాయి:

సార్ ఆ వచ్చే ఆదివారం కంద బచ్చలి చెప్పిన మెస్సు మాదే అనుకుంటానండి. అమ్మ పొద్దున్న నుంచి అనంతపురం వాళ్లు వస్తారు, కంద ముందే తెచ్చి పెట్టు అంటోంది. పన్నెండున్నరకి వచ్చెయ్యండి, ఆ గదిలోనే రెండు ఆకులు వేస్తాం.